ఎవరి తాలూకండీ?

మా ఇంట్లో గోడ మీద ఒక ఫోటో ఉంది. అందులో ఇద్దరు మగవాళ్లు, ఇద్దరూ సైన్యం దుస్తుల్లో. ఒకాయన కుర్చీలో కూర్చున్నాడు. ఇంకొకాయన పక్కన నిలబడి, కూర్చున్నాయన భుజం మీద చెయ్యేశాడు. ఈ ఇద్దరిలో ఒకాయన మా అమ్మకి నాన్న. ఏ ఒకాయనో తెలియదు. అందుకని మా అమ్మ యాభై ఏళ్లుగా ఇద్దరికీ బొట్టు పెడుతోంది. ఇదేమిటమ్మా అంటే, "ఎందుకైనా మంచిది లేవే" అంటుంది.

నవ్వకండి, మా ఇంట్లో ఇది నవ్వే విషయం కాదు. మా తాత సుబ్బారాయుడు రెండో ప్రపంచ యుద్ధానికని బర్మా వెళ్లి తిరిగి రాలేదు. అమ్మ ఆయన వెళ్లాకే పుట్టింది. అమ్మమ్మ సూరమ్మ ఆ పిల్లని చంకనేసుకుని, నిజామాబాదు జిల్లా బోధన్ దగ్గర కాలవ కింద సేద్యానికి వచ్చి స్థిరపడ్డ అన్నగారి ఇంటికి చేరింది. అమ్మకి అయిదేళ్లు నిండకుండానే ఆవిడా పోయింది. మిగిలినవల్లా ఈ ఫోటో, "మీ నాన్నది కోనసీమ" అన్న ఒక్క మాట. మేనమామ తన బావగారిని చూసింది పెళ్లిలో ఒక్కసారే. "బాసికం కట్టుకున్న మొహం గుర్తుంది గానీ, టోపీ పెట్టుకున్న మొహం నేనెప్పుడు చూశానమ్మా" అనేవాడు. ఊరి పేరడిగితే ఏదో లంక అనేవాడు. ఆయన పోయి కూడా ఇరవై ఏళ్లయింది.

నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఏటా పదో తరగతికి రెండో ప్రపంచ యుద్ధం పాఠం గడగడా చెప్పేస్తాను. ఆ యుద్ధంలో మా తాత ఎవరో మాత్రం నాకు తెలియదు.

రెండు వేల మూడులో అమ్మకి కళ్లలో నీటికాసులు వచ్చాయన్నాడు డాక్టరు. చుక్కల మందు వేస్తే చూపు మెల్లగా పోతుంది, వెయ్యకపోతే తొందరగా పోతుంది, పోవడం మాత్రం ఖాయం అన్నాడు. అమ్మ ఇంటికొచ్చి ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. "చూపున్నప్పుడే మా నాన్నెవరో నాకు చూపించవే పద్మా" అంది. అమ్మ నన్ను ఏదైనా అడగడం నాకు తెలిసి అదే మొదలు. క్రిస్మస్ సెలవులు రాగానే ఫోటోని తువ్వాలులో చుట్టి రైలెక్కాం. మా దగ్గరున్న ఆధారమల్లా ఫోటో వెనక వెలిసిపోయిన స్టూడియో ముద్ర, దాని కింద "కొత్తపేట" అన్న నాలుగక్షరాలు.

జొన్నాడ

రాజమండ్రిలో దిగి బస్సెక్కితే, గోదావరి వంతెనకి ఇవతల జొన్నాడ దగ్గర బస్సు ఆగింది. ఎందుకాగిందో డ్రైవరు చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అందరూ దిగి కొబ్బరి బొండాలు తాగుతున్నారు. మేమూ దిగాం. బొండం నాలుగు రూపాయలు. నిజామాబాదు బస్టాండులో పది రూపాయలిచ్చి తాగేది ఇందులో మూడో వంతుండదు. అమ్మ రెండు తాగింది.

బొండాలు కొట్టే ఆవిడ కత్తి ఆడిస్తూనే మమ్మల్ని పలకరించింది.

"ఏ ఊరండీ మనది?"

"నిజామాబాదు."

"అబ్బో, శానా దూరమండీ. ఎవరి తాలూకండీ?"

మండలాలు వచ్చి ఇన్నేళ్లయినా అమ్మకింకా తాలూకాలే. "బోధన్ తాలూకా" అంది టక్కున.

ఆవిడ కాసేపు ఆలోచించి, చెట్టు కింద బొండాలు లెక్కపెడుతున్న భర్తని కేకేసింది. "ఏవండీ, బోధన్ గారంటే మీకు తెలుసాండీ?"

ఆయనా ఆలోచించాడు. "పెదబోధన్ గారా, చినబోధన్ గారాండీ?" అనడిగాడు మమ్మల్ని. బస్సు హారను కొట్టడంతో ఆ సంగతి తేలకుండానే ఎక్కేశాం.

"ఊరిని పట్టుకుని గారు అంటారేమే వీళ్లు?" అంది అమ్మ. ఇక్కడ అందరికీ మర్యాద ఎక్కువని విన్నాను గానీ ఊళ్లకి కూడా ఇస్తారని నేనూ అనుకోలేదు.

రావులపాలెంలో బస్సు మారేటప్పుడు ఇంకో ముచ్చట జరిగింది. ఎవరైనా కనిపిస్తే ఒట్టి చేతులతో పలకరించకూడదని అమ్మ మా వైపు పసుపు రెండు కిలోలు సంచిలో వేసుకుంది. ఆ పొట్లాల్లో ఒకటి చిట్లింది. నా చీర కుచ్చిళ్లు, తువ్వాలు, కింద పెట్టిన బ్యాగు, పక్కాయన పంచె అంచు, అన్నీ పచ్చబడ్డాయి. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పక్కాయన మాత్రం, "పరవాలేదండీ, శుభమేనండీ. పెళ్లి తాలూకు బట్టలాండీ?" అన్నాడు.

కొత్తపేట

స్టూడియో ఉంది! పేరు మారింది, లోపల కలర్ ల్యాబూ జిరాక్సూ వచ్చాయి, కానీ ఉంది. యజమాని భాస్కరరావు గారికి యాభై ఏళ్లుంటాయి. ముద్ర చూడగానే, "మా తాతగారిదేనండీ" అని ఫోటోని రెండు చేతులతో అందుకున్నారు. మమ్మల్ని కూర్చోమనడానికి ఒక మూల ఆల్బముల గుట్ట పక్కకి తీశారు. కిందనుంచి సింహం తలల చేతులున్న నల్లటి కుర్చీ బయటపడింది.

అమ్మ కుర్చీని చూసింది, ఫోటోని చూసింది. అదే కుర్చీ. "దీంట్లోనా కూర్చోమంటారు?" అంది.

"కూర్చోండమ్మా, దానికేంటి, టేకుది."

అమ్మ చాలా జాగ్రత్తగా కూర్చుని, సింహాల తలల మీద చేతులు పెట్టుకుంది.

అప్పుడు భాస్కరరావు గారూ అదే ప్రశ్న వేశారు, ఎవరి తాలూకండీ అని. అమ్మ మళ్లీ బోధన్ అనబోతుంటే నేను ఆపి, తాలూకా అంటే ఏమిటండీ మీ అర్థం అన్నాను. ఆయన పగలబడి నవ్వారు. "తాలూకా కాదండీ, తాలూకు. ఎవరి మనుషులు, ఎవరి సంబంధీకులు అనండీ. ఊరు చెప్తే మాకు చాలదండీ. మనిషిని చెప్పాలండీ."

అమ్మ మొహం చిన్నబోయింది. "అది తెలిస్తే ఇంత దూరం ఎందుకొస్తామండీ" అంది.

మా గొడవంతా విన్నాక ఆయన ఫోటోని వెలుతురులో పెట్టి చూశారు. యుద్ధం రోజుల్లో సైన్యంలోకి మనుషుల్ని తీసుకునే వాళ్లు కొత్తపేటలో మకాం వేసేవారట. చేరినవాళ్లకి దుస్తులివ్వగానే తిన్నగా స్టూడియోకి వచ్చేవారట. మళ్లీ ఇంటికొస్తామో రామో అని ఒక ఫోటో ఇంటికి పంపి వెళ్లేవారు. "మా తాతగారిదొక రూలండీ. ఇద్దరు దిగితే ఎవరింటికి ఫోటో వెళ్తుందో వాళ్లే కుర్చీలో కూర్చోవాలి. రెండోవాళ్లు నిలబడాలి. ఇది మీ ఇంట్లోది కాబట్టి కూర్చున్నాయనే మీ నాన్నగారండీ. అనుమానం లేదండీ."

అమ్మ ఫోటో ఒళ్లో పెట్టుకుని, కొంగు తడిచేసి, నిలబడ్డాయన మీదున్న కుంకుమ బొట్టు గాజు తళతళలాడేదాకా తుడిచేసింది. "యాభై ఏళ్లు ఎవరో పరాయి మగవాడికి బొట్టు పెట్టానే, సిగ్గులేకపోతే సరి" అంది. నవ్వుతూనే అంది. అమ్మ అంత తేలిగ్గా నవ్వడం నేను చూసి చాలా కాలమైంది. ఆ సంతోషంలో పూతరేకులు కొనుక్కుని స్టూడియో అరుగు మీదే తిన్నాం. నోట్లో పెట్టుకుంటే కాగితంలా ఉంటుంది, మరుక్షణం నెయ్యీ బెల్లమే మిగులుతాయి. అమ్మ అయిదు తింది. షుగరు సంగతి గుర్తుచేస్తే, "మా నాన్న దొరికిన రోజున కూడానా?" అని గదమాయించింది.

అమలాపురం

మొహం దొరికింది, ఊరు దొరకాలి. యుద్ధానికి వెళ్లినవాళ్ల జాబితాలు ఊరూరా కరణాలు రాసి పంపేవారని, అవి అమలాపురంలో ఒక పాత సర్కారు కచేరీ రికార్డు గదిలో ఉండొచ్చని భాస్కరరావు గారే చెప్పారు. రెండో రోజు పొద్దున్నే అక్కడికి వెళ్లాం. రికార్డు కీపరు కామేశ్వరరావు గారు ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. బక్కగా, శుభ్రంగా, చొక్కా జేబులో మూడు పెన్నులతో ఉన్నారు.

"ఈ కట్టల్లో మా నాన్న పేరుంటుందాండీ?" అంది అమ్మ.

"ఆయ్."

"దొరుకుతుందంటారా?"

"ఆయ్."

"ఒకవేళ దొరక్కపోతే?"

"ఆయ్."

అమ్మ నా వైపు తిరిగి, "ఈయన ఏమంటున్నాడే?" అంది మెల్లగా. ఆయనకి వినిపించింది. "ఆయ్ అంటే వింటున్నాననండీ. ఉందని కాదండీ, లేదని కాదండీ" అని ఎంతో ఓపికగా చెప్పి, నిచ్చెనెక్కి ఎర్రగుడ్డ కట్టలు దింపారు. నేను ఆ ధూళికి తుమ్మడం మొదలుపెట్టి పన్నెండు దాకా ఆపలేదు.

ఆ రాత చూసి నేను హతాశురాలినయ్యాను. అక్షరానికీ అక్షరానికీ మధ్య కలం ఎత్తకుండా రాసిన గొలుసుకట్టు రాత. చరిత్ర టీచర్నన్న పొగరు అక్కడే దిగిపోయింది. కామేశ్వరరావు గారు మాత్రం పేపరు చదివినట్టు చదివేస్తున్నారు. సుబ్బారాయుళ్లు ఒకరు కాదు, ఏడుగురు తేలారు. ఆయన తలెత్తి, "భార్య పేరేంటండీ?" అన్నారు.

"సూరమ్మ."

వేలు కిందకి జరిగింది, ఆగింది. ఆయన గొంతు సవరించుకుని చదివారు: "సుబ్బారాయుడు. గ్రామం సఖినేటిపల్లి, తాలూకా రాజోలు. పడవ సరంగు. భార్య సూరమ్మ. యుద్ధంలోకి వెళ్లి తిరిగి రాలేదు. కబురు తెచ్చినవారు సదరు గ్రామం సరంగు వీర్రాజు."

సరంగు అంటే పడవ నడిపే పెద్ద. యుద్ధంలో బర్మా నదుల మీద సామాను పడవలు నడపడానికి ఇక్కడి సరంగుల్ని తీసుకెళ్లారట. మా తాత తుపాకీ పట్టుకుని ఉంటాడని నేను క్లాసులో ఎన్నిసార్లో చెప్పాను.

"ఇంకోసారి చదవండి" అంది అమ్మ. ఆయన చదివారు. "మా అమ్మ పేరు దగ్గర నా వేలు పెట్టండి" అంది. ఆయన అమ్మ వేలు పట్టుకుని ఆ అక్షరాల మీద పెట్టారు. వాళ్లమ్మ పేరు రాసి ఉండగా చూడటం అమ్మకి అదే మొదటిసారి. అమ్మ కళ్లు తుడుచుకుంది, నేనూ తుడుచుకున్నాను. కామేశ్వరరావు గారు ధూళి ఎక్కువండీ అని తనూ తుడుచుకున్నారు.

భోజనానికి ఆయనే ఒక మెస్సు చూపించారు. కంద బచ్చలి కూర, ఆవ ఘాటు తగిలీ తగలకుండా. మేం కందని పులుసులో తప్ప ఎరగం. వడ్డించే ఆవిడ వద్దన్నకొద్దీ వేసింది. మా వైపు వద్దంటే వద్దనే అర్థం, ఇక్కడ ఇంకోసారి అడగండి అని అర్థంలా ఉంది.

రాజోలు

ఆ సాయంత్రం రాజోలు చేరి లాడ్జిలో దిగాం. బస్సులో అమ్మ తువ్వాలు విప్పి పక్క సీట్లవాళ్లందరికీ ఫోటో చూపించింది. "కూర్చున్నారు చూశారా, ఆయనే మా నాన్నగారు. సరంగు."

"దర్జాగా ఉన్నారండీ" అన్నాడు ఒకాయన. నిజానికి దర్జా ఏమీ లేదు. కూర్చున్నాయన కుర్చీ అంచు మీద, ఇప్పుడే లేచిపోతానన్నట్టు కూర్చుని ఉంటాడు. చిన్నప్పటి నుంచీ నాకు అది వింతగానే ఉండేది.

"ఆ నిలబడ్డాయన ఎవరండీ?"

"ఎవరో స్నేహితుడు లెండి. పాపం, నిలబెట్టేశారు" అంది అమ్మ.

సఖినేటిపల్లి

మూడో రోజు పొద్దున సఖినేటిపల్లి రేవులో బస్సు దిగి సరంగు వీర్రాజు గారిల్లు అంటే నలుగురు ముందు నడిచారు. వీర్రాజు గారు పోయి తొమ్మిదేళ్లయింది. ఆయన భార్య మంగాయమ్మ గారు వాకిట్లో కొబ్బరాకులు చీల్చి ఈనెలు తీస్తోంది. డెబ్బై అయిదు దాటినావిడ, చెయ్యి ఒక్క క్షణం ఆగదు.

"రండమ్మా, కూర్చోండి. ఎవరి తాలూకమ్మా?"

ఈసారి అమ్మకి జవాబు తెలుసు. కానీ నన్ను ముందుకి తోసింది. నేనే చెప్పాను, సరంగు సుబ్బారాయుడు గారి తాలూకు అని.

మంగాయమ్మ గారి చెయ్యి ఆగింది. లేచి వచ్చి అమ్మ గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది. "సూరమ్మ గారి పాపా? బతికున్నావా తల్లీ! మా వోరు నీ కోసం ఎంత తిరిగేరనుకున్నావు! యుద్ధం నుంచి వచ్చేక మీ అమ్మగారి పుట్టింటికి వెళ్లేరు. నిజాం రాజ్యంలో అన్నగారి దగ్గరికి వెళ్లిపోయేరన్నారంట. ఏ ఊరో ఎవరూ చెప్పలేకపోయేరు."

అమ్మ తువ్వాలు విప్పి ఫోటో ఆవిడ చేతికిచ్చింది. "మా నాన్న ఈయనే కదండీ?" అని కూర్చున్నాయన మీద వేలు పెట్టింది.

"ఈయన మా వోరు కదమ్మా" అంది మంగాయమ్మ గారు.

అమ్మ వేలు అక్కడే ఉండిపోయింది.

"నిలబడ్డారే, ఆయనమ్మా మీ నాన్నగారు." ఆవిడ లోపలికి వెళ్లి గోడ మీది ఫోటో తెచ్చి మా ఫోటో పక్కన పెట్టింది. అదే తెర, అదే సింహాల కుర్చీ. మనుషులు మాత్రం తారుమారు. మా ఫోటోలో నిలబడ్డాయన ఇందులో కూర్చున్నాడు, నవ్వు ఆపుకోలేక మూతి బిగించి మరీ కూర్చున్నాడు.

"ఈళ్లిద్దరూ స్టూడియోకి వెళ్లేరంట. మీరు కూర్చోండి బావగారూ అంటే కాదు మీరు కూర్చోండి బావగారూ అని గొడవ. ఫోటో తీసే ఆయన తల పట్టుకుని కూర్చున్నాడంట. ఆకరికి చెరో ఫోటో తీయించుకున్నారు. అక్కడితో అయ్యిందా? నేను కూర్చున్నది మా ఇంటికి పంపుకుంటే గొప్పలకి పోయినట్టుంటుందని, మీరు కూర్చున్నది మా ఇంటికి, నేను కూర్చున్నది మీ ఇంటికి అని మార్చుకున్నారు. ఇదిగో, ఈ చెయ్యి చూడు. మా వోరు లేచిపోకుండా మీ నాన్నగారు భుజం పట్టుకుని అదిమేరు. మా వోరు చెప్పి చెప్పి నవ్వేవోరు."

చిన్నప్పటి నుంచీ ఆ చెయ్యి స్నేహంతో వేసిన చెయ్యి అనుకున్నాను. స్నేహమే, కాదనను. నాకు నవ్వాగలేదు. రూలు పెట్టిన ఆ స్టూడియో తాతగారిదీ ఈ నేలే. అయినా ఈ మర్యాద ముందు ఆయన రూలు కూడా నిలవలేదు.

అమ్మ నవ్వలేదు. "నేను మా నాన్న బొట్టు తుడిచేశానే" అంది. ఆ మాటతో ఏడ్చేసింది. కొత్తపేటలో జరిగింది నేను చెప్పాల్సొచ్చింది. మంగాయమ్మ గారు అంతా విని, ఒక్కసారి నడుం నిటారు చేసి అడిగింది. "ఉండమ్మా ఉండు. అంటే యాభై ఏళ్ల బట్టీ మా వోరికి కూడా బొట్టు పెడతన్నావా? ఆయన పోయింది మొన్న మొన్న కదా! బతికున్న మనిషికి పోయినోళ్లకి పెట్టినట్టు బొట్టు పెట్టేవా?"

అమ్మ ఏడుపు ఆపి బిక్కమొహం వేసింది.

"అందుకే కాబోలు, ఒక్క రోజు మంచాన పడకుండా డెబ్బై అయిదేళ్లు రాయిలా బతికేరు" అని మంగాయమ్మ గారు విరగబడి నవ్వింది. అమ్మకి కూడా నవ్వొచ్చేసింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వుతుంటే ఇరుగుపొరుగు వచ్చి చూశారు.

కాఫీలయ్యాక అమ్మ మెల్లగా అడిగింది. "ఎలా పోయారండీ మా నాన్న?"

"తుపాకీ దెబ్బ కాదమ్మా. చలిజ్వరం. మా వోరి ఒళ్లోనే పోయేరంట."

"నేను పుట్టానని... ఆయనకి తెలుసా?"

"ఆయ్."

అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఆయ్ అంటే వింటున్నాననా, అవుననా?"

"అవుననేనమ్మా! ఉత్తరం అందింది. కూతురు పుట్టిందని పడవలో అందరికీ బెల్లం పంచేరంట. ఆ అడివిలో బెల్లం ఎక్కడ సంపాయించేరో మా వోరికి ఆకరిదాకా అర్థం కాలేదు."

అమ్మ రెండో ఫోటోని వాకిట్లో ఎండలోకి తీసుకెళ్లి కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, పక్కకి వంచి, చూసింది, చూసింది. నేను పిలవలేదు. మంగాయమ్మ గారు ఈనెలు తీసుకుంటూ కూర్చుంది.

"నేను కూడా ఆ కుర్చీలోనే కూర్చున్నానే పద్మా" అంది లోపలికి వచ్చాక.

బయల్దేరేటప్పుడు ఆ ఫోటో తీసుకెళ్లమని మంగాయమ్మ గారు పట్టుబట్టింది. అమ్మ వద్దంది. ఆవిడ ఇంకా పట్టుబట్టింది, అమ్మ ఇంకా వద్దంది. ఈ గొడవ ఎక్కడో విన్నట్టుందని నాకనిపించింది. చివరికి అమ్మే తేల్చింది. "ఆయన మీ ఇంట్లో కూర్చుంటానన్నారు, కూర్చోనివ్వండి. మీ ఆయన్ని మేం చూసుకుంటాం." మిగిలిన పసుపు పొట్లం విప్పి, రెండు ఫోటోల్లోనూ నలుగురికీ బొట్లు పెట్టింది. మా ఫోటోలో నిలబడ్డాయనకి ముందు పెట్టింది, కొంచెం పెద్దది.

నరసాపురంలో రైలెక్కాలంటే వశిష్ఠ గోదావరి దాటాలి. నది దాటించే పంటు పడవ మీద మనుషులు, సైకిళ్లు, రెండు గేదెలు, మేము. రొయ్యల బుట్ట పక్కన కూర్చున్న ఒకావిడ అమ్మ ఒళ్లోని తువ్వాలు మూటని, నా పచ్చ కుచ్చిళ్లని చూసి పలకరించింది.

"ఎవరి తాలూకమ్మా?"

ఎందుకైనా మంచిదని నేను నోరు తెరవబోయాను. అమ్మ నా మోచెయ్యి గిల్లి ఆపింది.

"సరంగు సుబ్బారాయుడు గారి తాలూకండీ. ఆయన కూతుర్ని."

"అలాగాండీ? అయితే మీది ఈ ఊరేనన్నమాట."

అమ్మ వెనక్కి తిరిగి, దూరమైపోతున్న రేవు వైపు ఆ మసక కళ్లతోనే చూసింది.

"ఆయ్" అంది.